పెట్టుపోతల చీర

చీరల షాపు ఓపెనింగుకు మమ్మల్ని మిల్లు వ్యానులోనే కోదాడ తీసుకుపోయారు. మిర్యాలగూడలోని మా బియ్యం మిల్లు సారు అక్కడ కొత్తగా పెట్టిన షాపు అది. మిల్లులో పనిచేసే ఆడవాళ్లమంతా బయలుదేరాం. శాంపిల్ రూములో నాతో పాటు పనిచేసే అక్క కిటికీ పక్క సీటు పట్టుకుంది. ఆమెది త్రిపురారం దగ్గర ఒక తండా. వయసులో మా అమ్మ కంటే కొంచెం చిన్నది, కాని మిల్లులో అందరికీ అక్కే.

"షాపు పెట్టేది చీరలది. వడ్ల దుమ్ములుండే మనమెందుకు పిల్లా?" అంది.

"భోజనాలుంటయేమో అక్కా."

"ఉంటయేమో గాదు, ఉండాలె. లేకపోతే నేను వ్యాను దిగ."

భోజనాలు ఉన్నాయి. అంతకంటే ముందు గుమ్మం దగ్గర సారు వాళ్ల భార్య నిలబడి ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి చేతిలో చీర పెట్టింది. ఆమెను మేమందరం మేడం అనేవాళ్లం. చీరలన్నీ ఒకటే రంగు. మామిడి చిగురు రంగుకు ఎర్రటి అంచు. మాకేమీ వింతగా అనిపించలేదు. గృహప్రవేశమైనా పెళ్లయినా పనివాళ్లకు బట్టలు పెట్టడం ఉన్నదే, టోకున తెచ్చి ఉంటారనుకున్నాం. మమ్మల్ని వరసగా నిలబెట్టి, చీరలు మోచేతుల మీద వేసుకోమని, ఫొటో తీశారు. నేను చివర నిలబడ్డాను. ఫొటోల్లో నేనెప్పుడూ చివరే ఉంటాను.

భోజనాలయ్యాక షాపు చూడమన్నారు. ఒక కుటుంబం అప్పుడే పెళ్లి చీరలు చూస్తోంది. కౌంటర్ దగ్గరి అమ్మాయికి నా వయసే ఉంటుంది. "రండమ్మా, చూడండి, కట్టుకుంటే ఎలా ఉంటుందో చూపిస్తాను" అని కోదాడ మాటతీరులో అంటూ చీరను తన భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు పట్టి, అద్దం ముందు నిలబడింది. ఆ కుటుంబంలోని మగాయన కుర్చీలో కూర్చుని, "జర అటు తిరుగమ్మా" అన్నాడు. ఆమె నవ్వుతూ తిరిగింది. "ఇటు" అన్నాడు. ఇటు తిరిగింది. ఆమెకు అది కష్టంగా ఉన్నట్టు నాకు కనిపించలేదు. నాకే ఎటు చూడాలో తెలియక పైన ఫ్యాను వైపు చూశాను. ఏసీ షాపు కదా, ఫ్యాను లేదు.

శాంపిల్ రూము గురించి చెప్పాలి. మిల్లు గేటు లోపలికి రాగానే ఎడమ పక్కన చిన్న గది. ట్రాక్టరులో వడ్లు వస్తే సంచుల్లోంచి గుప్పెడు తీసి మా దగ్గరికి తెచ్చేవారు. తేమ మిషనులో పోసి చూసేవాళ్లం. మర ఆడిన బియ్యమైతే పళ్లెంలో పరిచి నూకలొక పక్కకు, రంగు మారిన గింజలొక పక్కకు, రాళ్లొక పక్కకు వేలితో జరిపి, ఒక్కోదాన్నీ తూకం వేసేవాళ్లం. చదువు అయిపోయిన ఏడాది అక్కడ చేరాను, ఆరేళ్లు చేశాను. రైతులు కిటికీ దగ్గరికొచ్చి, "తేమెంతొచ్చింది బిడ్డా?" అని అడిగేవారు. నేను మిషను ముఖం వాళ్ల వైపు తిప్పేదాన్ని. తక్కువొస్తే నవ్వేవారు, ఎక్కువొస్తే మిషనును తిట్టేవారు. నాతో ఎవరూ ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం ఉండేది కాదు. లోడు రాని వేళల్లో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం పళ్లెం కింద పెట్టుకుని చదివేదాన్ని. అక్క చూసి, "ఇంత సదివి ఒక్క మాట మాట్లాడవు. అన్ని మాటలు యాడ దాస్తున్నవే?" అనేది.

ఓపెనింగుకు కొద్ది రోజుల ముందే కొత్త మిషను వచ్చింది. టీవీ కంటే చిన్నది. గుప్పెడు గింజలు పోస్తే ఫొటో తీసి, నూకెంతో రంగు మారిందెంతో తెర మీద చూపిస్తుంది. మాకు సాయానికి తెచ్చారనుకున్నాం. దాని మీద దుమ్ము పడకుండా మేమే గుడ్డ కప్పేవాళ్లం.

ఓపెనింగు అయిన మరునాడు సారు మా ఇద్దరినీ ఆఫీసులోకి పిలిచాడు. సారు చెడ్డమనిషి కాదు. కరోనా అప్పుడు మిల్లు మూసినా సగం జీతం ఇచ్చినవాడు.

"శాంపిల్ రూము ఇగ ఉండదమ్మా. మిషను జూస్కుంటది. పని పోయిందని పరేషాన్ గాకుండ్రి. ఒకటో తారీఖు సంది మీరు కోదాడ షాపుల. జీతం గింతే. దుమ్ము లేదు, ఎండ లేదు, ఏసీల నిలబడుడు."

"కోదాడ దాన్క రోజు పోయి రావాల్నా సార్? బస్సు ఖర్చో?" అంది అక్క.

"ఆడోళ్లకు బస్సు ఫ్రీనే గదనే! ఆధార్ కార్డు సూపెడితే సున్నా టికెట్టు కొడ్తడు. ఇంకేం కావాలె నీకు, విమానమా?"

అక్క నవ్వింది. నేను నేల వైపు చూస్తున్నాను.

"రానోళ్లు?" అని మళ్లీ అక్కే అడిగింది, నా వైపు ఓ చూపు చూసి.

"రాకపోతే మానేసినట్టే. పని సూపెట్టినంక రానంటే నేనేం జేస్త? అయినా చీరలు తీస్కున్నరు గద, యూనిఫారం. తీస్కొని రామంటే ఎట్ల?"

అవి యూనిఫారాలని మాకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ ఆ చీరకు ఫాల్ కుట్టించి, అంచుకు పీకో చేయించి, జాకెట్ గుడ్డ టైలరుకు ఇచ్చేసి ఉంది. "మంచి రంగు. నీకు సూట్ అయితది" అంది. నాన్న మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కాబట్టి ఏదైనా అమ్మకే చెప్పాలి. చెప్పాను. ఆమె చీర మడతపెడుతూ విని, "పోరాదు మరి?" అంది. ఆమె బలవంతపెట్టలేదు. అది ఆమె పద్ధతి. నేను జవాబు చెప్పకపోవడం నా పద్ధతి.

వెళ్లనని సారుకు ఎదురుగా చెప్పడం నా వల్ల కాలేదు. డైరీలో రకరకాలుగా రాసి చూసుకున్నాను. చివరికి ఫోనులో, "సార్, నేను కోదాడ రాలేను" అని మెసేజ్ పెట్టాను. ఆయన చూసినట్టు గుర్తులు వచ్చాయి. తర్వాత బొటనవేలు బొమ్మ వచ్చింది. అంతే. ఆ బొమ్మను చాలాసేపు చూశాను. సరే అన్నట్టా, సరే పో అన్నట్టా తేల్చుకోలేకపోయాను.

ఒకటో తారీఖున అలవాటు కొద్దీ మిల్లుకే పోయాను. హాజరు మిషను మీద వేలు పెట్టాను. నా పేరు రాలేదు. మళ్లీ పెట్టాను. వాచ్‌మన్ చూసి, "తీసేసిండ్రమ్మా నిన్న" అన్నాడు, ఏదో చెట్టు కొమ్మ తీసేసిన సంగతి చెబుతున్నట్టు. నాకు బాధ రావాలి. రాలేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చి, అందులోది మధ్యాహ్నం దాకా ఆగి తిన్నాను. ఆ రోజు డైరీలో టమాట పచ్చడి అని మాత్రం రాశాను.

మా మేనత్త కూతురు సూర్యాపేట కోర్టులో జూనియర్ వకీలు. నాకు వదిన. అమ్మ చెప్పిందో ఎవరు చెప్పారో, ఆమే ఫోను చేసి రమ్మంది. కోర్టు ఎదురుగా టీ హోటల్లో కూర్చున్నాం.

"మా మరదలు మాట్లాడాలంటే ముహూర్తం పెట్టాలె. సరే, ఒక్కటే చెప్పు. నువ్వు మానేసినవా, వాళ్లు తీసేసిండ్రా?"

"రూము తీసేసిండ్రు వదినా."

"రూము తీసేస్తే నిన్ను తీసేసినట్టే. పని లేదని తీసేస్తే చేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన ఇయ్యాలె. మానేసినవంటే ఖతం, గదేం రాదు. గందుకే మీ సారు 'మానేసినట్టే' అంటున్నడు."

"వేరే పని సూపెట్టిండు గద?"

"ఆఁ, గది అసలు పేచీ. చేతనయ్యే పని, దగ్గర్ల, అదే జీతానికి సూపెడితే, వద్దన్నోళ్లకు పైసలు రావని ఒక రూలున్నది. అది పని లేక కొన్నాళ్లు ఇంట్ల కూసోపెట్టినోళ్ల కోసం రాసింది. అయినా తీసేసినోళ్ల కాడ గూడ దాన్నే అడ్డం పెడ్తరు." టీ గ్లాసు పక్కకు జరిపింది. "ఎందుకు పోవు నువ్వు?"

నేను కొంచెం ఆలోచించి, "దూరం" అన్నాను.

"మంచిది. షాపు మూసేసరికి ఆఖరు బస్సు పోతది. గది చెప్పు. లేబర్ ఆఫీసరు ముంగట దూరం ఒక్కటే చెప్పు. ఇంకో ముక్క మాట్లాడకు. మాట్లాడకుండ ఉండుడు నీకు నేర్పాల్సిన పని లేదు గని." నవ్వింది. మళ్లీ ముఖం సీరియస్‌గా పెట్టింది. "ఇంకోటి. ఆ చీర తిరిగిచ్చెయ్. యూనిఫారం ఇంట్ల పెట్టుకొని కొలువు వద్దంటే ఎట్ల నమ్ముతరు?"

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అమ్మ మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"బొట్టు పెట్టి ఇచ్చిన చీర తిప్పి పంపుతవా? ముత్తైదువ చేత్తో పెట్టింది. ఆమెకేం తక్కువ జేసినమని? ఆమె బిడ్డ పెళ్లి గూడ దగ్గర్లున్నది. కొలువు పోతే పోనీ. గా పని మాత్రం నా ఇంట్ల జరగది."

వదిన చెప్పింది నిజమే. అమ్మ చెప్పింది కూడా నిజమే. ఫాల్ కుట్టిన చీరను షాపులోనూ తీసుకోరు. కొన్ని రోజులు అది దండెం మీదే ఉంది. నేను దాని పక్కనే కూర్చుని చదువుకున్నాను. ఏ పుస్తకమో గుర్తు లేదు, పేజీలు తిప్పాను.

దారి చూపింది అక్క. ఆమె షాపులో చేరింది. మధ్యాహ్నం భోజనం వేళ కోదాడ నుంచి ఫోను చేసింది. వెనక నుంచి "రండమ్మా, రండి" అని వినిపిస్తోంది.

"నాకైతే బాగనే ఉన్నది పిల్లా. నిన్న ఒకామెకు నేనే చీరమ్మిన. నా నల్ల మొఖం మీదనే గింత మంచిగుంటే, నీ మీద ఎట్లుంటదో సూడమ్మా అన్న. ఎంటనే కొన్నది." కాసేపు ఆమే నవ్వుకుంది. చీర సంగతి నేను చెప్పాక, "గంతేనా? తిప్పి పంపుడెందుకు? మీరు గూడ పెట్టుండ్రి. ఆమె పెట్టింది, మీరు పెట్టిండ్రు. లెక్క సాఫ్. పెట్టుపోతలల్ల యూనిఫారం ఏడికెళ్లొస్తది?" అంది.

అమ్మకు ఆ మాట నచ్చింది. మర్నాడే బజారుకు పోయి ఒక చీర కొంది. మా తాహతుకు కొంచెం ఎక్కువదే. తమలపాకులు, అరటిపండ్లు పళ్లెంలో సర్దింది. ఇద్దరం సారు వాళ్లింటికి పోయాం. మేడం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"గివన్నీ ఎందుకు వదినా?" అంది అమ్మతో. అంతకు ముందు ఆమె అమ్మను ఎప్పుడూ ఏమీ పిలవలేదు.

"షాపు పెట్టుకున్నరు. మీరు మా పిల్లకు పెట్టిండ్రు. మేం పెట్టకపోతే బాగుండదు గద."

అమ్మ ఆమెకు బొట్టు పెట్టి, పళ్లెం చేతికిచ్చింది. మేడం చీర అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. కొత్తగా షాపు పెట్టినవాళ్ల అలవాటు కాబోలు.

"మన షాపుల తీస్కోలేదా?"

"మీ షాపుల కొని మీకే పెడితే అది పెట్టుడెట్లయితది?"

ఇద్దరూ నవ్వారు. టీ తాగాం. పెళ్లికి తప్పకుండా రావాలని మేడం చెప్పింది. కొలువు ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు, ఎవరికీ అది లోటుగా అనిపించలేదు.

వదిన రాసిచ్చిన అర్జీ మీద మిర్యాలగూడ లేబర్ ఆఫీసుకు పిలుపు వచ్చింది. ఆఫీసరు ఒక మధ్యవయసు ఆవిడ. వకీళ్లు బయట ఉండండి, వీళ్లిద్దరే మాట్లాడుకోనీ, అన్నది. వదిన వరండాలోకి పోతూ నా చెవిలో, "దూరం" అంది. లోపల నేను, సారు, ఆమె. సారు నన్ను చూసి, "బాగున్నవామ్మా?" అన్నాడు. తలూపాను.

"పని సూపెట్టిన మేడం. ఒప్పుకొని చీర గూడ తీస్కున్నది. ఫొటో ఉన్నది సూడుండ్రి" అని ఫోను ముందుకు జరిపాడు.

ఆఫీసరు ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, చివర నన్ను వెతికి పట్టుకుంది. "తీస్కున్నవా?"

"తీస్కున్న మేడం. మేము గూడ పెట్టినం."

"ఏం పెట్టిండ్రు?"

"చీర. వాళ్లింటికి పోయి, సారోళ్ల మేడంకు. మా అమ్మ బొట్టు పెట్టింది."

సారుకు ఈ సంగతి తెలియదు. అక్కడే భార్యకు ఫోను చేశాడు. "ఆఁ... ఎప్పుడు?... నాకెందుకు చెప్పలే?... సరే, సరే, పెట్టెయ్." ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసరు పెదవి బిగించింది, కాని నవ్వు ఆగలేదు. "ఒకరికొకరు బట్టలు పెట్టుకొని యూనిఫారమంటే ఎట్ల సార్? అట్లయితే మీ ఇంటామె గూడ వీళ్లింట్ల కొలువుకు చేరినట్టేనా?"

సారు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కాని గదిలో గాలి కొంచెం తేలికైనట్టు తెలిసింది. అప్పుడు ఆఫీసరు నా వైపు తిరిగింది.

"చీర సంగతి పక్కన పెట్టు. దూరమని రాసినవు. బస్సు లేదంటే అర్థమైంది. ఒకమాట చెప్పు. గదే షాపు మన మిర్యాలగూడలనే ఉంటే పోతుంటివా?"

ఏం చెప్పాలో నాకు తెలుసు. వదిన నేర్పింది. పోతుంటి మేడం అనాలి, అంతే. వరండాలో వదిన చెప్పుల చప్పుడు అటూ ఇటూ వినిపిస్తోంది. నోరు తెరిచి ఆ మాట అనబోయాను. అది నా నోట్లో ఎవరో పెట్టిన మాటలా ఉంది.

"పోకపోతుంటి" అన్నాను.

"సూడుండ్రి మేడం! ఆమెనే చెప్తున్నది!" సారు కుర్చీలో ముందుకు జరిగాడు.

ఆఫీసరు పెన్ను కింద పెట్టింది. "ఎందుకమ్మా? జీతం గంతే గద."

"నాది గింజలు ఏరే పని మేడం. ఆడ చీర భుజం మీద ఏసుకొని, వచ్చినోళ్ల ముంగట నిలబడాలె. తిరుగమంటే తిరగాలె. గది వేరే పని."

"నేర్చుకుంటే వస్తది" అన్నాడు సారు. కోపంగా కాదు, మెత్తగానే. "మీ అక్క నేర్చుకోలేదా?"

"వస్తది సార్. నాకొద్దు."

ఆరేళ్లలో ఆయనతో నేను వరసగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. దూరంగా ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు ఉంది. ఆఫీసరు కాసేపు కాగితాలు తిప్పింది. తర్వాత సారుతో, "షాపు ఊళ్లె లేదు. పని గూడ ఒకటి గాదు. ఆమెకు ఇష్టమున్నదా లేదా అన్నది తర్వాతి ముచ్చట. మీరు కోర్టు దాన్క పోతనంటే పోండ్రి. లేదంటే ఈడనే తెంపుకుంటే మంచిది" అంది.

సారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఇచ్చేస్త మేడం. పైసల కాడ కాదు నా పేచీ. గని మిల్లుల అందరు సూస్తున్నరు. సొంత ఇష్టంతోని మానేసిన అని ఒక్క లైను రాసియ్యమనుండ్రి. రేపే చెక్కు ఇస్త" అన్నాడు.

ఆఫీసరు నా ముందుకు తెల్ల కాగితం జరిపింది. "రాస్తే నీకు పైసలొస్తయి. రాయకపోతే ఇంకో తారీఖు పడుతది. నీ ఇష్టం."

పెన్ను తీసుకున్నాను. మానేశాను అన్నది చిన్న మాట. రాస్తే చెక్కు వస్తుంది, అమ్మ కొన్న చీర ఖర్చు కూడా అందులో తీరిపోతుంది. కాని నేను మానేయలేదు. వేలు పెడితే పేరు రాలేదు. డైరీలో ఎవరూ చదవని చోట కూడా నేను జరగనిది రాయను. అలాంటిది ఇక్కడ సంతకం పెట్టి రాయడానికి చెయ్యి కదల్లేదు. కొంతసేపటికి ఇలా రాశాను:

"మిల్లులో శాంపిల్ రూము పని తీసేశారు. కోదాడ షాపులో వేరే పని ఇస్తామన్నారు. నేను వద్దన్నాను."

ఆఫీసరు చదివి, సారుకు ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"వద్దన్నానని నువ్వే రాసినవు గదమ్మా. మళ్ల 'తీసేశారు' ఎందుకు? గది కొట్టెయ్."

"రెండూ అయినయి గద సార్."

"మొండిదే గీ పిల్ల" అన్నాడు ఆఫీసరుతో. "ఆరేండ్ల సంది నోరు లేదనుకున్న." జేబులోంచి పెన్ను తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు, గడియారం చూశాడు. మిల్లులో లోడు దిగుతోందేమో, ఫోను రెండుసార్లు మోగింది. "సగం ఇప్పుడు, సగం వచ్చే నెల" అన్నాడు. ఆఫీసరు నన్ను చూసింది. తలూపాను. ఆయన సంతకం పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "పెండ్లికి రావాలె, మీ అమ్మను తీస్కొని" అన్నాడు.

వరండాలో వదిన కాగితం చదివి నెత్తి కొట్టుకుంది. "దూరం ఒక్కటే చెప్పమన్న గదనే! వద్దన్నానని రాసిస్తరా ఎవరన్న?" మళ్లీ చదివింది. ఇంకేమీ అనకుండా మడిచి నా చేతిలో పెట్టింది.

ఆమెను సూర్యాపేట బస్సెక్కించి, నేను ఆటో కోసం నిలబడ్డాను. ఎండ బాగా ఉంది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాను. అమ్మ ఫోను చేసింది.

"ఏమన్నరు?"

"ఇస్తరంట. సగం సగం."

"పోనీ. మంచిగయింది." కొంచెం ఆగి, "మరి రేపటి సంది?" అంది.

"తెల్వదమ్మా."

అవతల గిన్నెల చప్పుడు. తర్వాత, వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తెమ్మంది.